బటన్లు ఎన్ని ఉన్నా చదివే చోటు ఒక్కటే ఉండాలి

విమాన సిమ్యులేటర్ కోసం ప్యానెల్ కట్టుకుంటున్న ఒక కుర్రాడు ఈమధ్య నన్నొక ప్రశ్న అడిగాడు. "అన్నా, 20 పుష్ బటన్లు, 12 టోగుల్ స్విచ్‌లు పెట్టాలి. ఆర్డుయినో ఉనోలో పిన్‌లు చాలడం లేదు. మెగా తీసుకోమంటారా?" ఉనో చిన్న ఆర్డుయినో బోర్డు, మెగా పెద్దది; స్విచ్‌ల వైర్లు తగిలించేది వాటి పిన్‌లకే. నా దగ్గరికి రాకముందే ఇంకొందరిని అడిగాడట. ఒకరు మెగా తీసుకోమన్నారు, ఒకరు మ్యాట్రిక్స్ (వరుసలు, నిలువులుగా అల్లిన వైర్లు) కట్టమన్నారు, ఇంకొకరు షిఫ్ట్ రిజిస్టర్ (చాలా ఇన్‌పుట్‌లను ఒకే వైరు మీద వరుసగా పంపే చిప్) పెట్టమన్నారు. అందరూ పిన్‌ల గురించే చెప్పారు.

ఈ హాబీలో బటన్లు పెరిగినప్పుడల్లా మాట పిన్‌ల లెక్క దగ్గరే మొదలై అక్కడే ఆగిపోతుంది. నాకు అది సరిగా అనిపించదు. పిన్‌లు సమకూర్చుకోవడం ఇందులో అన్నిటికన్నా తేలికైన పని. బటన్లను ఎప్పుడు చదవాలి, ప్రోగ్రాంలో ఎక్కడ చదవాలి, చదివినదాన్ని మిగతా ప్రోగ్రాంకు ఏ రూపంలో అందించాలి అన్నవే అసలు ప్రశ్నలు. ఇవి తేలకపోతే ఎంత పెద్ద బోర్డు కొన్నా ప్యానెల్ సరిగా పని చేయదు.

లెక్క చూద్దాం. ఉనోలో 14 డిజిటల్ పిన్‌లు ఉన్నాయి. 6 అనలాగ్ పిన్‌లను కూడా డిజిటల్‌గా వాడుకోవచ్చు కాబట్టి మొత్తం 20. సీరియల్ కోసం 0, 1 పిన్‌లను వదిలేస్తే 18 మిగులుతాయి. మెగాలో 54 డిజిటల్, 16 అనలాగ్ కలిపి 70. అంటే 32 స్విచ్‌లు మెగాలో హాయిగా సరిపోతాయి. అతను నా జవాబు కోసం ఆగకుండా మెగా తెచ్చి, వైర్లన్నీ కలిపేశాడు. తర్వాత వచ్చిన ఫిర్యాదు ఇది: "ఒక్కోసారి నొక్కినా పట్టుకోవడం లేదు. బటన్లు నాసిరకానివేమో."

బటన్లలో ఏ లోపమూ లేదు. అతని ప్రోగ్రాం మొదటి బటన్‌ను చదువుతుంది, 50 మిల్లీ సెకన్లు ఆగుతుంది, నిజంగానే నొక్కారా అని మళ్ళీ చదివి సరిచూసుకుంటుంది, తర్వాత రెండో బటన్ దగ్గరికి వెళ్తుంది. ఒక్క బటన్ ఉన్నప్పుడు ఈ పద్ధతిలో తప్పేమీ కనిపించదు. నేర్చుకునేవాళ్ళకు మొదట దొరికే ఉదాహరణలు కూడా ఇలాగే ఉంటాయి. కానీ 32 స్విచ్‌లకు 50 చొప్పున అంటే 1600 మిల్లీ సెకన్లు. మొదటి బటన్ వంతు మళ్ళీ రావడానికి సెకనున్నర పైనే పడుతుంది. ఈలోగా ఎవరైనా నొక్కి వదిలేస్తే ప్రోగ్రాంకు ఆ సంగతే తెలియదు. బోర్డు మార్చినా ఈ 1600 మారదు.

ఒక్క చూపులో అన్నీ

నేను పట్టుబట్టి చెప్పేది ఇదే. బటన్లను ఒక్కొక్కటిగా, గుర్తొచ్చినప్పుడల్లా, ప్రోగ్రాంలో ఎక్కడ పడితే అక్కడ చదవకూడదు. బడిలో హాజరు తీసినట్టు, నిర్ణీత సమయానికి ఒకేచోట అన్నింటినీ ఒకేసారి చదవాలి. నేను ప్రతి 5 మిల్లీ సెకన్లకు ఒకసారి చదువుతాను. చదివినదంతా 32 బిట్‌ల సంఖ్య ఒకటే. ఒక్కో బిట్ ఒక్కో స్విచ్. ఆ సంఖ్యను తయారు చేసే పని ఒకే ఒక్క ఫంక్షన్‌ది. మిగతా ప్రోగ్రాం మొత్తంలో పిన్‌ను ముట్టుకునే వాక్యం ఒక్కటి కూడా ఉండదు.

ఆ సంఖ్య చేతికొచ్చాక మిగిలిన పని చకచకా సాగుతుంది. తుళ్ళింతలు (నొక్కగానే కాంటాక్టు కాసేపు అదరడం) తీసేసిన కొత్త సంఖ్యకూ, ఇంతకుముందటి సంఖ్యకూ ఎక్స్‌ఓఆర్ అనే బిట్ గణితం చేస్తే మారిన స్విచ్‌ల బిట్‌లు మాత్రమే 1గా మిగులుతాయి. వాటిని కొత్త సంఖ్యతో పోల్చి చూస్తే ఏది నొక్కారో, ఏది వదిలారో తెలిసిపోతుంది. "7 నొక్కారు", "19 వదిలారు" అన్న సమాచారం ఒక వరుసలోకి చేరుతుంది. తెర మార్చే భాగమైనా, మోటారు తిప్పే భాగమైనా ఆ వరుసలోంచి తీసుకుని తన పని చేసుకుంటుంది. 7వ బటన్ ఏ పిన్‌కు ఉందో వాటికి తెలియదు, తెలియనవసరం లేదు.

ఇందులో నాకు బాగా నచ్చేది రెండు బటన్లు కలిపి నొక్కే సందర్భం. ఒకటి పట్టుకుని ఉండగా ఇంకొకటి నొక్కితే వేరే పని జరగాలనుకోండి. బటన్‌కొక ముక్క చొప్పున రాసిన ప్రోగ్రాంలో ఇది పెద్ద తలనొప్పి. ఏ ముక్క ముందు నడిచిందో, అప్పటికి రెండో బటన్ సంగతి తెలుసో లేదో చూసుకుంటూ కూర్చోవాలి. అన్నీ ఒకే సంఖ్యలో ఉంటే ఒక్క పోలికతో తేలిపోతుంది.

ఇక తుళ్ళింతలు. నొక్కినప్పుడు లోపలి లోహపు రేకులు ఒక్కసారిగా అతుక్కోవు. కాసేపు తాకుతూ విడిపోతూ ఉంటాయి. ఈ కాసేపు ఎంత? జాక్ గాన్సెల్ అనే ఎంబెడెడ్ ఇంజనీరు 18 స్విచ్‌లను కొలిచి చూశాడు. వింతగా ప్రవర్తించిన రెండింటిని పక్కన పెడితే సగటు దాదాపు 1.6 మిల్లీ సెకన్లు, గరిష్ఠం 6.2 మిల్లీ సెకన్లు వచ్చింది. పక్కన పెట్టినవాటిలో ఒకటి 157 మిల్లీ సెకన్ల దాకా తుళ్ళింది. చూడటానికి మాత్రం అది శుభ్రంగా ఉన్న ఎర్ర బటనే. అందుకే ఏదో ఒక అంకె వేసేసి సరిపెట్టుకోవడం నాకు ఇష్టం ఉండదు. మీ దగ్గరున్న బటన్‌ను, వైరులో 0, 1ల మార్పులను నమోదు చేసే లాజిక్ ఎనలైజర్‌తో ఒకసారి చూసి తెలుసుకోవడం మంచిది.

నేను పాటించే నియమం: వరుసగా నాలుగు సార్లు కొత్త విలువే కనిపిస్తే నమ్మాలి. 5 మిల్లీ సెకన్ల లెక్కన అది 15 నుంచి 20 మిల్లీ సెకన్లు. 32 స్విచ్‌లకు 32 లెక్కలు పెట్టుకోవాలా అంటే అక్కర్లేదు. రెండు 32 బిట్‌ల సంఖ్యలు చాలు. ఒకదానిలో ప్రతి స్విచ్ లెక్కకు సంబంధించిన ఒకట్ల బిట్, రెండోదానిలో రెళ్ళ బిట్ ఉంచుకుంటే కొన్ని బిట్ గణితాలతో 32 లెక్కలూ ఒకేసారి ముందుకు కదులుతాయి. ఉనోలోని ఏటీమెగా328పీ 8 బిట్‌ల చిప్ కాబట్టి ఒక్కో గణితాన్ని నాలుగు ముక్కలుగా చేస్తుంది. అయినా మొత్తం కొన్ని మైక్రో సెకన్ల పనే. స్విచ్‌కొక టైమర్ పెట్టుకుని 32 టైమర్లను చూసుకునే పద్ధతితో పోలిస్తే ఇది ఎంతో హాయి.

ఒక అభ్యంతరానికి మాత్రం నా దగ్గర పూర్తి సమాధానం లేదు. సంగీత వాద్యం చేసేవాళ్ళు "ఆ 20 మిల్లీ సెకన్ల ఆలస్యం మాకు వినిపిస్తుంది" అంటారు. వాళ్ళు చెప్పేది నిజమే. అలాంటి చోట మొదటి తాకిడినే నొక్కుగా తీసుకుని, ఆ తర్వాత 20 మిల్లీ సెకన్లపాటు ఆ స్విచ్‌ను పట్టించుకోకుండా ఉండటం మేలు. దానికి చెల్లించే మూల్యం ఏమిటంటే, పక్కనున్న మోటారో రిలేనో వైరులో పుట్టించిన ఒక్క చిన్న పల్సు కూడా నొక్కుగా లెక్కలోకి వస్తుంది. ప్యానెల్‌కు నేను ఆగి నమ్మే పద్ధతినే ఎంచుకుంటాను, వాద్యానికి రెండోదాన్ని. రెండింటికీ పనికొచ్చే ఒకే నియమం ఉందని నేను అనుకోవడం లేదు.

బటన్ వేరు, స్విచ్ వేరు

ఆ కుర్రాడి ప్యానెల్‌లో రెండో చిక్కు టోగుల్ స్విచ్‌లతో వచ్చింది. ల్యాండింగ్ లైట్ల స్విచ్ పైకి ఉంది. సిమ్యులేటర్ మొదలయ్యేటప్పటికి లైట్లు ఆరిపోయి ఉన్నాయి. స్విచ్ చూస్తే వేసినట్టు, తెర చూస్తే వేయనట్టు. ఒకసారి దించి మళ్ళీ పైకి అంటే గానీ రెండూ ఒక దారికి రాలేదు. అతని ప్రోగ్రాం మార్పును మాత్రమే పంపుతుంది. కరెంటు రాకముందే పైకి వేసి ఉన్న స్విచ్‌లో మార్పు ఎక్కడుంటుంది?

బటన్ ఒక సంఘటన, టోగుల్ స్విచ్ ఒక స్థితి. రెండూ బోర్డుకు ఒకేలా తగులుతాయి, ఒకే బిట్‌గా కనిపిస్తాయి కాబట్టి చాలామంది వాటిని ఒకే గాటన కట్టేస్తారు. మొదలైనప్పుడు బటన్ ఎలా ఉందన్నది అనవసరం. స్విచ్ ఎలా ఉందన్నది తప్పనిసరి. కాబట్టి మొదలైన వెంటనే, తుళ్ళింతలు తీరాక, 12 స్విచ్‌ల స్థితినీ ఒకసారి పంపాలి. అవతలివైపు సిమ్యులేటర్ మళ్ళీ మొదలైతే అడగగానే ఇంకోసారి పంపాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, "లైట్లు మార్చు" అని పంపకూడదు. "లైట్లు వెయ్యి", "లైట్లు ఆపు" అనే పంపాలి. "మార్చు" అన్న సందేశం ఒక్కటి దారిలో పోయినా స్విచ్, తెర మళ్ళీ తిరకాసుగా తయారవుతాయి. "వెయ్యి" అన్నది పోతే తర్వాతిసారి పంపినప్పుడు దానంతట అదే సర్దుకుంటుంది.

ఇక్కడ కూడా మొత్తం స్థితి ఒకే సంఖ్యలో ఉండటం కలిసొస్తుంది. స్థితి పంపడమంటే ఆ సంఖ్యను పంపడమే. స్విచ్‌కొక ముక్క చొప్పున రాసి ఉంటే 12 చోట్ల వెతికి పోగు చేయాలి.

తిప్పుడు స్విచ్‌లు పెట్టేవాళ్ళకు ఇంకో జాగ్రత్త. వాటిలో చాలా రకాలు ఒక స్థానాన్ని వదిలాకే రెండోదాన్ని తాకుతాయి. మధ్యలో ఒక్క క్షణం ఏ స్థానమూ లేనట్టు అన్ని బిట్‌లూ ఖాళీగా కనిపిస్తాయి. ఆ ఖాళీని కొత్త స్థానంగా లెక్కించకుండా, ఏదో ఒక స్థానం కనిపించేవరకు పాతదాన్నే పట్టుకుని ఉండాలి.

ఇక వైర్ల సంగతి

పై పద్ధతిలో రాస్తే ఆ సంఖ్య ఎక్కడి నుంచి వచ్చిందన్నది ఒక్క ఫంక్షన్‌కు సంబంధించిన విషయం. మెగా పిన్‌ల నుంచి నేరుగా వచ్చినా, చిప్పుల గొలుసు నుంచి వచ్చినా పైభాగం మారదు. అందుకే ఈ ఎంపికను చివరికి వదిలేయమంటాను. అయినా నాకూ ఇష్టాయిష్టాలు ఉన్నాయి.

మ్యాట్రిక్స్ కీబోర్డులకు బాగుంటుంది. 32 స్విచ్‌లను 4 వరుసలు, 8 నిలువులుగా కడితే 12 పిన్‌లు చాలు. కానీ డయోడ్‌లు (కరెంటును ఒకే వైపుకు పోనిచ్చే భాగాలు) లేని మ్యాట్రిక్స్‌లో ఒక దీర్ఘచతురస్రపు మూడు మూలల్లో బటన్లు నొక్కి ఉంటే నాలుగో మూల కూడా నొక్కినట్టే కనిపిస్తుంది. కరెంటు ఆ మూడింటి మీదుగా తిరిగి వస్తుంది. వేళ్ళతో నొక్కే బటన్లకు ఇది అరుదు. వేసి వదిలేసే టోగుల్ స్విచ్‌లకు నిత్యకృత్యం. 12 స్విచ్‌లలో సగం ఎప్పుడూ వేసే ఉంటాయి కదా. స్విచ్‌కొక 1ఎన్4148 డయోడ్ పెడితే పోతుంది. టోగుల్ స్విచ్‌లున్న మ్యాట్రిక్స్‌లో డయోడ్ మానేయమని ఎవరు చెప్పినా వినకండి.

మ్యాట్రిక్స్‌లో ఇంకో సంగతి నేను దగ్గరుండి చూశాను. ఒక స్నేహితుడి కీబోర్డు బాగానే పని చేస్తోంది. వేగం పెంచుదామని, ఆర్డుయినోలో పిన్ చదివే మామూలు ఆదేశం డిజిటల్‌రీడ్ తీసేసి పోర్టును (చిప్‌లో ఒక పిన్‌ల గుంపును) నేరుగా చదివేలా మార్చాడు. అప్పటి నుంచి ఒక వరుసలో నొక్కిన కీ, కింది వరుసలో కూడా నొక్కినట్టు రావడం మొదలైంది. జరిగింది ఇది: వరుస మారినప్పుడు, అంతకుముందు సున్నాకు దిగిన నిలువు వైరు మళ్ళీ పైకి లేవాలి. దాన్ని లేపేది చిప్ లోపలి పుల్-అప్ రెసిస్టరు. అది 20 నుంచి 50 కిలో ఓమ్‌ల మధ్య ఉంటుంది. వైరు కెపాసిటెన్స్ 100 పికో ఫారడ్‌లు అనుకుంటే లేవడానికి కొన్ని మైక్రో సెకన్లు పడుతుంది. డిజిటల్‌రీడ్ నెమ్మదిగా నడిచేది కాబట్టి ఈలోగా వైరు లేచేది. 16 మెగాహెర్ట్జ్ దగ్గర పోర్టు చదవడానికి ఒక మైక్రో సెకనులో పదహారో వంతు చాలు. వైరు లేవకముందే చదివేస్తోంది. వరుస మార్చాక 10 మైక్రో సెకన్లు ఆగితే సరిపోయింది.

నా మొగ్గు 74హెచ్‌సీ165 షిఫ్ట్ రిజిస్టర్‌ల వైపు. ఒక్కోదానికి 8 ఇన్‌పుట్‌లు. నాలుగింటిని గొలుసు కడితే 32. బోర్డు నుంచి మూడు పిన్‌లు చాలు. ఒక్క పల్సుతో 32 స్విచ్‌ల స్థితీ ఒకే క్షణంలో నమోదవుతుంది. తర్వాత తీరిగ్గా బయటికి లాగవచ్చు. చిప్పులు మాట్లాడుకునే ఎస్‌పీఐ పద్ధతి ద్వారా 1 మెగాహెర్ట్జ్‌తో లాగితే 32 మైక్రో సెకన్లు. ఒక్కటే లోటు, లోపల పుల్-అప్‌లు ఉండవు. ప్రతి ఇన్‌పుట్‌కూ బయట రెసిస్టరు పెట్టాలి. ఎనిమిది రెసిస్టర్లు ఒకే పట్టీలో వచ్చేవి వాడితే టంకం పని తగ్గుతుంది.

పిన్‌లు పెంచే చిప్ ఎంసీపీ23017లో పుల్-అప్‌లు లోపలే ఉంటాయి, 16 పిన్‌లు (ఇప్పటి డేటాషీట్ ప్రకారం వాటిలో రెండు అవుట్‌పుట్‌కే), రెండే వైర్లు, 8 చిప్పుల దాకా కలపవచ్చు. చాలామంది దీన్నే సిఫారసు చేస్తారు, కారణం లేకపోలేదు. కానీ ఆ రెండు వైర్ల పద్ధతి ఐ-టూ-సీ మామూలు 100 కిలోహెర్ట్జ్ వేగంతో ఒక్క చిప్ చదవడానికి దాదాపు అర మిల్లీ సెకను పోతుంది. 32 స్విచ్‌లకు మూడు చిప్పులు కావాలి, అంటే ఒకటిన్నర మిల్లీ సెకన్లు. 5 మిల్లీ సెకన్లలో దాదాపు మూడో వంతు చదవడానికే ఖర్చవడం నాకు నచ్చదు. 400 కిలోహెర్ట్జ్‌కు పెంచితే ఈ ఫిర్యాదు చాలావరకు పోతుంది, అది ఒప్పుకోవాలి. రెసిస్టర్ల మెట్లతో ఒకే అనలాగ్ పిన్‌కు నాలుగైదు బటన్లు కలిపే పద్ధతి చిన్న మెనూలకు చాలు. రెండు కలిపి నొక్కినప్పుడు తికమక పడుతుంది కాబట్టి ప్యానెల్‌కు పనికిరాదు.

ఇంటరప్ట్‌ల వాదన

"పదే పదే చదవడం దండగ కదా, మారినప్పుడు ఇంటరప్ట్ రానిస్తే పోదా?" అని తప్పకుండా అడుగుతారు. ఇంటరప్ట్ అంటే చేస్తున్న పనిని ఆపి చిప్‌ను తనవైపు తిప్పుకునే సంకేతం. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ తుళ్ళే కాంటాక్టు ఒక్క నొక్కుకు ఒక్క ఇంటరప్ట్‌తో ఆగదు, ఎన్నో వస్తాయి. వాటిని వడగట్టడానికి ఎలాగూ టైమర్ కావాలి. టైమర్ పెట్టాక అందులోనే చదివేయవచ్చు. వేలు కదిలే వేగం చిప్‌కు అసలు వేగమే కాదు. చటుక్కున నొక్కి వదిలినా కొన్ని పదుల మిల్లీ సెకన్లు పడుతుంది.

బ్యాటరీతో నడిచే రిమోట్ అయితే మాత్రం వాదన తిరగబడుతుంది. నిద్రపోతున్న చిప్‌ను లేపడానికి ఇంటరప్టే దారి. అలాంటి చోట ఎంసీపీ23017 ఇంటరప్ట్ పిన్ ఎంతో ఉపయోగం. లేచాక మాత్రం మళ్ళీ ఈ పద్ధతిలోనే చదవమంటాను.

ఎటైనా ఎంతైనా తిరిగే నాబ్, అంటే రోటరీ ఎన్‌కోడర్ దగ్గర నా 5 మిల్లీ సెకన్లు కూడా నిలబడవు. ఒక చుట్టుకు 24 క్లిక్‌లు, క్లిక్‌కు నాలుగు మార్పులు ఉన్న రకాన్ని సెకనుకు రెండు చుట్లు తిప్పితే సెకనుకు 192 మార్పులు, అంటే సగటున 5 మిల్లీ సెకన్లకు ఒకటి. చేయి సమానంగా తిరగదు కాబట్టి కొన్ని తప్పకుండా జారిపోతాయి. అందుకే ఎన్‌కోడర్‌లు ఉంటే మిల్లీ సెకనుకు ఒకసారి చదివి, బటన్ల లెక్కను మాత్రం ఐదుకొకసారి ముందుకు కదపడం మంచిది.

ఎవరో ముందే రాసిపెట్టిన కోడ్ లైబ్రరీలు ఉండగా ఇదంతా ఎందుకన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. నాలుగైదు బటన్లయితే లైబ్రరీ వాడండి, నేనూ వాడతాను. చిక్కల్లా వాటిలో చాలావరకు ఒక బటన్ అంటే ఒక పిన్ అనుకునే రాసి ఉండటం. స్విచ్‌లు చిప్పుల గొలుసు మీదికి వెళ్ళిన రోజున అవి అక్కరకు రావు.

వైరు పొడవైతే

చిప్పులను స్విచ్‌ల పక్కనే పెట్టి, అక్కడి నుంచి బోర్డుకు పొడవాటి రిబ్బన్ కేబుల్ వేయడం మామూలు. అప్పుడు బిట్‌లను ఒక్కొక్కటిగా బయటికి లాగే క్లాక్ పల్సు అంచులు చెదిరి, ఒక పల్సు రెండుగా కనిపించే ప్రమాదం ఉంది. ఆ లోపం కనిపించే తీరు విచిత్రంగా ఉంటుంది. 7 నొక్కితే 8 అంటుంది, 8 నొక్కితే 9 అంటుంది, అంతలోనే మళ్ళీ సరిగా చెబుతుంది. క్లాక్ వైరు పక్కనే గ్రౌండ్ వైరు నడపడం, వేగం తగ్గించడం, ప్రతి చిప్ కాళ్ళ దగ్గరే 0.1 మైక్రో ఫారడ్ కెపాసిటర్ పెట్టడం మొదటి మందులు.

వీటితోపాటు నేను గొలుసు చిట్టచివరి ఇన్‌పుట్‌ను గ్రౌండ్‌కు, ఆ చివరి చిప్ సీరియల్ ఇన్‌పుట్‌ను ప్లస్‌కు కట్టేస్తాను. సరిగా చదివినప్పుడు చివరి బిట్ ఎప్పుడూ 0 రావాలి. ఒక పల్సు ఎక్కువైతే అక్కడికి 1 వచ్చి పడుతుంది. అలా వచ్చిన సంఖ్యను పారేసి, 5 మిల్లీ సెకన్ల తర్వాత వచ్చేదాని కోసం చూస్తాను. ఇది విన్నవాళ్ళు "32కు నాలుగు చిప్పులు సరిగ్గా సరిపోతాయి, ఒక్క బిట్ కోసం ఐదో చిప్పా?" అంటారు. అవును, ఐదో చిప్పే. మిగిలిన ఏడు ఇన్‌పుట్‌లు ఖాళీగా ఉండవు. ఇంకో స్విచ్ పెట్టాలన్న కోరిక ప్యానెల్ పూర్తయిన వారానికే పుడుతుంది. అప్పటిదాకా వాటినీ తేలుతూ వదిలేయకుండా పుల్-అప్‌లకు కట్టి ఉంచాలి.

ప్యానెల్ మూత బిగించే ముందు ఒక పరీక్షా విధానం కూడా రాసిపెట్టుకోండి. ఏదో రెండు బటన్లు నొక్కి పట్టుకుని కరెంటు ఇస్తే, సంఖ్య మారినప్పుడల్లా 32 బిట్‌లనూ 0, 1లుగా సీరియల్‌లో ఒక వరుసగా అచ్చువేయాలి. తుళ్ళింతలు తీసేయకముందు ఒకటి, తీసేశాక ఒకటి. అన్నీ ఒకేచోట చదువుతుంటే ఇది ఐదారు వరుసల కోడ్. కొన్ని నెలల తర్వాత 14వ స్విచ్ పని చేయడం లేదని ఎవరైనా అన్నప్పుడు ఆ రెండు వరుసలు చూస్తే చాలు. మొదటి వరుసలోనే బిట్ కదలకపోతే స్క్రూడ్రైవర్ తీసుకోవాలి. మొదటిదాంట్లో కదిలి రెండోదాంట్లో కదలకపోతే కాంటాక్టు అరిగి ఎక్కువసేపు తుళ్ళుతోంది. రెండింటిలోనూ కదిలితే మూత తీయనక్కర్లేదు, తప్పు ప్రోగ్రాంలో ఉంది.